ఒక గొంతు, ఐదుగురి బాణీలు: ‘ఇల్‌మాటిక్’ తయారైన తీరు

ఒక రాపర్ ఆల్బమ్‌కు ఐదారుగురు ప్రొడ్యూసర్లు పనిచేశారంటే ఇవాళ ఎవరూ వింతగా చూడరు. పదిహేను పాటలకు ఇరవై పేర్లు కనిపించినా అడిగేవాళ్లు లేరు. 1990ల మొదట్లో న్యూయార్క్ హిప్‌హాప్‌లో పరిస్థితి వేరు. రాప్‌లో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టే మనిషి కాదు, బాణీ కట్టే మనిషి. ఆ మనిషి చాలావరకు రాపర్ జట్టులోనే ఉండేవాడు. గ్యాంగ్ స్టార్ అనే జట్టులో గొంతు గురు అనే రాపర్‌ది, బీట్ డీజే ప్రీమియర్‌ది. పీట్ రాక్ బీట్ చేస్తే దాని మీద పలికేది సీఎల్ స్మూత్. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్‌కు క్యూ-టిప్, పబ్లిక్ ఎనిమీకి బాంబ్ స్క్వాడ్, అటు లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ డ్రే. తెలుగు సినిమాకు ఒకే సంగీత దర్శకుడు ఉండటం ఎంత మామూలో, రాప్ ఆల్బమ్‌లో ఒకే ఇంటి పనితనం వినిపించడం దాదాపు అంత మామూలు.

1994 ఏప్రిల్ 19న కొలంబియా రికార్డ్స్ విడుదల చేసిన ‘ఇల్‌మాటిక్’ ఈ ఆనవాయితీని పక్కన పెట్టింది. నాస్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడి తొలి ఆల్బమ్ అది. మొత్తం పది ట్రాకులు, అందులో ఒకటి ఉపోద్ఘాతం. అన్నీ కలిపి నలభై నిమిషాలు కూడా నిండవు. మిగిలిన తొమ్మిదింటిలో లార్జ్ ప్రొఫెసర్ మూడు చేశాడు, ప్రీమియర్ మూడు చేశాడు. పీట్ రాక్, క్యూ-టిప్, ఎల్‌ఈఎస్ తలొకటి చేశారు. ఎల్‌ఈఎస్‌ను మినహాయిస్తే అందరూ అప్పటికే పేరున్నవాళ్లు. ఎవరి జట్టు వాళ్లకుంది, ఎవరి ముద్ర వాళ్లకుంది. వీళ్లంతా వచ్చి ఇంకా ఆల్బమ్ మొహం చూడని ఒక కుర్రాడి చుట్టూ చేరారు.

‘ఇల్‌మాటిక్’ గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఒక మహాకవి పుట్టిన కథలా చెబుతారు. ఆ మాట తప్పు కాదు. కానీ మంచి రాపర్లు ఆ ఊళ్లో అప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లలో చాలామంది ఆల్బమ్‌లు పదేళ్లు తిరగకుండానే మరుగున పడ్డాయి. ఈ ఒక్కటి నిలబడిందంటే అందులో ఎంపికకు కవిత్వమంత వాటా ఉంది. ఎవరి బీట్ తీసుకోవాలి, ఏది వదిలేయాలి, ఎక్కడ ఆపాలి అన్నవే ఆ ఎంపికలు. వాటిలో కొన్ని కావాలని చేసినవి. కొన్ని మాత్రం చట్టం, యంత్రం, దొంగ క్యాసెట్లు మెడ మీద కూర్చుని చేయించినవి.

నాస్ పూర్తి పేరు నాసిర్ బిన్ ఓలు దారా జోన్స్. 1973 సెప్టెంబర్ 14న బ్రూక్లిన్‌లో పుట్టాడు, పెరిగింది క్వీన్స్‌బ్రిడ్జ్ హౌసెస్‌లో. క్వీన్స్‌బరో వంతెన పక్కనే, ఈస్ట్ రివర్‌కు దగ్గరగా 1939లో తెరిచిన ప్రభుత్వ గృహ సముదాయమది. 96 భవనాలు, మూడు వేలకు పైగా ఇళ్లు. ఉత్తర అమెరికాలో అంత పెద్ద ప్రభుత్వ సముదాయం మరొకటి లేదు. తండ్రి ఓలు దారా మిసిసిపీ నుంచి వచ్చిన జాజ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాద్యం) వాద్యకారుడు, తల్లి తపాలా శాఖ ఉద్యోగి. తల్లిదండ్రులు 1985లో విడిపోయారు. ఎనిమిదో తరగతి తర్వాత నాస్ బడి మానేశాడు. ఇంట్లో తండ్రి వదిలిన పుస్తకాలు, రికార్డులు ఉన్నాయి. బయట మెట్ల మీద క్రాక్ అనే మాదకద్రవ్యం వ్యాపారం నడుస్తోంది. ఆల్బమ్ మొత్తం ఈ రెంటి మధ్యే తిరుగుతుంది.

క్వీన్స్‌బ్రిడ్జ్‌కు హిప్‌హాప్‌లో అప్పటికే ఒక చరిత్ర ఉంది, ఒక అవమానం కూడా ఉంది. మార్లీ మార్ల్, ఎంసీ షాన్, రాక్సాన్ షాంటే అక్కడివాళ్లే. షాన్ తన పేట గొప్ప చెబుతూ 1986లో పాట కడితే, బ్రాంక్స్ నుంచి కేఆర్ఎస్-వన్ జట్టు బూగీ డౌన్ ప్రొడక్షన్స్ దానికి ఘాటుగా జవాబిచ్చింది. ఆ వాగ్వాదంలో జనం బ్రాంక్స్ వైపే మొగ్గారు. చివరికి ‘బ్రిడ్జ్ పనైపోయింది’ అన్న మాట పేట మీద ముద్రలా పడిపోయింది. 1990 నాటికి అక్కడినుంచి పెద్ద రాపర్ వస్తాడని ఎదురుచూసేవాళ్లు తగ్గారు.

లార్జ్ ప్రొఫెసర్ పరిచయం ఈ దశలోనే జరిగింది. క్వీన్స్‌కే చెందిన ఇతను పాల్ సి అనే రికార్డింగ్ ఇంజినీర్ దగ్గర శాంపిలర్ (పాత రికార్డుల ముక్కలు ఎక్కించుకుని వాయించే యంత్రం) పని నేర్చుకున్నాడు. పాల్ సి 1989లో హత్యకు గురయ్యాక, టీనేజీ దాటకుండానే ఎరిక్ బి అండ్ రకీమ్ లాంటి దిగ్గజాల సెషన్లలో చెయ్యి పెట్టే స్థాయికి వచ్చాడు. స్టూడియో సమయం అంటే డబ్బు. బడి మానేసిన కుర్రాడికి గంటకు ఇంత అని కట్టే స్తోమత లేదు. పెద్దవాళ్ల సెషన్ల మధ్య మిగిలిన సమయంలో లార్జ్ ప్రొఫెసర్ నాస్ చేత డెమోలు, అంటే నమూనా రికార్డింగులు, పాడించాడు. తర్వాత ఆల్బమ్‌కు చివరి పాటగా నిలిచిన ‘ఇట్ ఎయింట్ హార్డ్ టు టెల్’కు తొలి రూపం ఆ డెమోల కాలానిదే. అంటే విడుదలకు రెండు మూడేళ్ల ముందే ఆల్బమ్‌లోని ఒక స్తంభం లేచి ఉంది.

1991లో లార్జ్ ప్రొఫెసర్ జట్టు మెయిన్ సోర్స్ తమ తొలి ఆల్బమ్ ‘బ్రేకింగ్ ఆటమ్స్’ తెచ్చింది. అందులో ‘లైవ్ ఎట్ ది బార్బెక్యూ’ అనే ఉమ్మడి పాటలో మొదటి చరణం నాస్‌కు దక్కింది. అప్పటికి అతని పేరు నాస్టీ నాస్. ఒకే ఒక్క చరణం, అందులో కావాలని రెచ్చగొట్టే మాటలు. న్యూయార్క్ వీధుల్లో ఎవడీ కుర్రాడు అన్న ఆరా మొదలైంది. అయినా కంపెనీలు వెంటపడలేదు. థర్డ్ బేస్ జట్టు నుంచి విడివడిన ఎంసీ సెర్చ్ 1992లో తన సోలో ఆల్బమ్‌లోని ఒక పాటలో నాస్‌కు చోటిచ్చాడు. ఈ కుర్రాడికి ఇంకా ఒప్పందమే లేదని తెలిసి, డెమో పట్టుకుని కంపెనీల గుమ్మాలు ఎక్కే పని తనే నెత్తిన వేసుకున్నాడు. డెఫ్ జామ్ అధిపతి రసెల్ సిమన్స్ వద్దన్నాడు. కూల్ జీ రాప్‌లా పాడుతున్నాడు, అలాంటి రికార్డులు అమ్ముడుపోవు అన్నది అతని అభ్యంతరమని సెర్చ్ చెబుతాడు. సిమన్స్ చెవి తప్పు వినలేదు. నాస్ మీద కూల్ జీ రాప్ ప్రభావం స్పష్టంగానే ఉంది. తప్పింది వ్యాపారి అంచనా.

కొలంబియాలో ఫెయిత్ న్యూమన్ ఉంది. కొత్త కళాకారులను వెతికి తెచ్చే విభాగం ఆమెది, అంతకుముందు డెఫ్ జామ్‌లో పనిచేసింది. బార్బెక్యూ పాట విన్నప్పటి నుంచి ఆ కుర్రాడు ఎక్కడున్నాడా అని చూస్తోంది. సెర్చ్ డెమో తెచ్చాక ఒప్పందానికి ఎక్కువ కాలం పట్టలేదు. ‘ఇల్‌మాటిక్’ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లుగా కనిపించే పేర్లు ఈ ఇద్దరివే. రాప్ చరిత్రలో ఇలాంటి వాళ్ల గురించి తక్కువ రాస్తారు, ఎందుకంటే వాళ్లు పాడరు, బీట్ కట్టరు. కానీ ఇంతమంది ప్రొడ్యూసర్లకు కబురు వెళ్లిందంటే, వచ్చిన బీట్లలో నచ్చనివి వద్దనే ఓపిక ఉందంటే, అది కంపెనీ లోపలినుంచి ఎవరో ఒకరు కాపు కాయకపోతే జరిగే పని కాదు.

1992లో రెండు సంగతులు జరిగాయి. సెర్చ్ సంగీత పర్యవేక్షణ చేసిన ఒక సినిమా పాటల ఆల్బమ్‌లో నాస్ తొలి సోలో పాట ‘హాఫ్‌టైమ్’ వచ్చింది. అంతకుముందు మే నెలలో నాస్ ప్రాణ స్నేహితుడు విల్ గ్రాహమ్‌ను క్వీన్స్‌బ్రిడ్జ్‌లోనే కాల్చి చంపారు. ఇల్ విల్ అని పిలిచే ఆ కుర్రాడు అదే భవనంలో పై అంతస్తులో ఉండేవాడు, నాస్‌కు తొలి డీజే కూడా అతనే. అదే రాత్రి నాస్ తమ్ముడికీ తూటా తగిలింది, బతికి బయటపడ్డాడు. ‘బార్బెక్యూ’లో హద్దులేని కుర్రతనం ఉంటుంది. ‘ఇల్‌మాటిక్’లో అదే గొంతు చుట్టూ చూసి లెక్క వేసుకునే గొంతుగా మారింది. ఈ మార్పు పూర్తిగా ఆ మరణం వల్లే వచ్చిందనడం తేలిక మాట అవుతుంది గానీ, ఆ మరణాన్ని పక్కన పెట్టి ఆల్బమ్‌ను వినడం కష్టం.

ఇక పాటలు కట్టిన తీరు. అప్పటి న్యూయార్క్ బీట్లు పాత రికార్డుల ముక్కల మీద నడిచేవి. పీట్ రాక్, లార్జ్ ప్రొఫెసర్ వాడిన ఎస్‌పి-1200 యంత్రంలో మొత్తం కలిపి పది సెకన్ల ధ్వని మాత్రమే పట్టేది. డ్రమ్ దెబ్బలు, బేస్, పియానో ముక్క అన్నీ ఆ పది సెకన్లలోనే సర్దుకోవాలి. అందుకు ఒక కిటుకు ఉండేది. 33 వేగంతో తిరగాల్సిన ఎల్‌పీ రికార్డును 45 వేగంతో తిప్పి ఎక్కించేవాళ్లు, తర్వాత యంత్రంలో స్థాయి దించి మామూలు వేగానికి తెచ్చేవాళ్లు. తక్కువ చోటులో ఎక్కువ సంగీతం పట్టేది. దానితోపాటు ధ్వని కాస్త గరుకుగా, మసక పట్టినట్టు తయారయ్యేది. ఆ గరుకుదనం కోసం ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ప్రత్యేకంగా మీటలు నొక్కుతున్నారు. అప్పట్లో అది యంత్రానికి ఉన్న ఇరుకు వల్ల వచ్చిన గుణం.

రెండో ఇరుకు కోర్టు నుంచి వచ్చింది. 1991 డిసెంబర్‌లో బిజ్ మార్కీ అనే రాపర్ మీద న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. గిల్బర్ట్ ఓ’సల్లివన్ పాట ముక్కను అనుమతి లేకుండా వాడాడన్నది కేసు. జడ్జి కెవిన్ డఫీ తీర్పును బైబిల్‌లోని ‘దొంగిలకూడదు’ అన్న ఆజ్ఞతో మొదలుపెట్టాడు. అప్పటినుంచి ప్రతి ముక్కకూ రెండు అనుమతులు ముందే తీసుకోవడం కంపెనీలకు తప్పనిసరి అయింది. ఒకటి రికార్డింగ్ యజమానిది, రెండోది పాట హక్కుదారులది. 1988 నాటి పబ్లిక్ ఎనిమీ ఆల్బమ్‌లోలా ఒక్కో పాటలో ముక్కల మీద ముక్కలు పేర్చి గోడ కట్టడం ఇక తలకు మించిన ఖర్చు. ఒకటి రెండు ముక్కలు ఎంచుకుని వాటినే తిప్పాలి. అందుకే ‘ఇల్‌మాటిక్’ బీట్లలో ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీయే రాపర్‌కు నిలబడటానికి చోటిచ్చింది.

‘ఇట్ ఎయింట్ హార్డ్ టు టెల్’ పాటకు మైకేల్ జాక్సన్ ‘హ్యూమన్ నేచర్’ నుంచి తీసుకున్న ముక్క వెన్నెముక. జాక్సన్ రికార్డులు తెచ్చిన ఎపిక్, నాస్‌ను తీసుకున్న కొలంబియా రెండూ సోనీ గొడుగు కిందివే. రికార్డింగ్ హక్కు ఒకే సంస్థ గడపలో ఉంది. పాట హక్కు మాత్రం దాన్ని రాసి కట్టిన స్టీవ్ పోర్కారో, జాన్ బెటిస్‌ల వైపుది. కొత్త రాపర్ తొలి ఆల్బమ్‌లో అంత పెద్ద పాట ముక్క ఉండటం వెనుక ఈ లోపలి చుట్టరికాన్ని గమనించాలి.

మిగతా ముక్కల్లో ఎక్కువ జాజ్, సోల్ రికార్డులవే. ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’లో జో చేంబర్స్ పియానో, డోనల్డ్ బర్డ్ రికార్డు తునక. ‘ది వరల్డ్ ఈజ్ యువర్స్’లో అహ్మద్ జమాల్ పియానో. ‘వన్ లవ్’లో హీత్ బ్రదర్స్ రికార్డు. ‘రిప్రజెంట్’లో అయితే ఒక పాత మూకీ చిత్రానికి వాయించిన థియేటర్ ఆర్గాన్. ఓలు దారా తరం వాయించిన సంగీతం కొడుకు ఆల్బమ్ నిండా లూపులుగా తిరుగుతోంది. ‘లైఫ్స్ ఏ బిచ్’ చివర ఆ తండ్రే స్వయంగా వచ్చి కార్నెట్ ఊదాడు. అమెరికా నల్లజాతి సంగీతంలో రెండు తరాల మాట కలవడం లేదన్న విమర్శ అప్పట్లో గట్టిగా వినపడేది, జాజ్ పెద్దలు రాప్‌ను సంగీతమే కాదనేవారు. ఆ విమర్శకు ఇంతకన్నా క్లుప్తమైన జవాబు ఆ కాలంలో కనిపించదు.

ఐదుగురు ప్రొడ్యూసర్లు ఉంటే ఆల్బమ్ కిచిడీ అయిపోవాలి. కాకపోవడానికి ఒక కారణం, వీళ్లంతా దాదాపు ఒకే నగరం, ఒకే రికార్డు కొట్లు, ఒకేలాంటి యంత్రాల మధ్య పెరిగినవాళ్లు కావడం. ఇంకో కారణం పోటీ. ఒకరు చేసిన పాట ఇంకొకరికి వినిపించేవాళ్లు. పీట్ రాక్ తన బేస్‌మెంట్‌లో కట్టి, పల్లవి కూడా తనే పలికిన ‘ది వరల్డ్ ఈజ్ యువర్స్’ విన్నాక, ప్రీమియర్ తాను అప్పటికే పూర్తిచేసిన ‘రిప్రజెంట్’ బీట్‌ను పక్కన పడేసి కొత్తది కట్టాడు. ఈ సంగతి ప్రీమియరే చెప్పుకున్నాడు. జీతానికి పనిచేసేవాడు ఇలా చేయడు. పక్కవాడి కన్నా తన పాట తేలిపోతే ఊళ్లో మాట పడుతుందన్న భయం ఉన్నవాడే చేస్తాడు.

ఎల్‌ఈఎస్ సంగతి వేరు. అతను క్వీన్స్‌బ్రిడ్జ్ కుర్రాడు, బయట పెద్దగా ఎవరికీ తెలియదు. అతను చేసిన ‘లైఫ్స్ ఏ బిచ్’లోనే ఆల్బమ్ మొత్తానికి ఉన్న ఒకే ఒక అతిథి చరణం ఉంది. ఆ చరణం పలికింది బ్రూక్లిన్‌కు చెందిన ఏజీ. ఆ ఒక్క చరణంతో అతనికి సొంత ఒప్పందం వచ్చి, మరుసటి ఏడాదే ఆల్బమ్ తెచ్చాడు. పేరున్న నలుగురి మధ్య పేరులేని ఒకరి బీట్‌కు మూడో స్థానంలో చోటివ్వడం చూస్తే, ఎంపిక పేర్లను బట్టి జరగలేదని తెలుస్తుంది.

‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ రికార్డింగ్ గురించి ప్రీమియర్ చాలాసార్లు చెప్పాడు. అతను స్టూడియోలో బీట్ కడుతుంటే నాస్ అక్కడే కూర్చుని రాసుకున్నాడు. మైకు ముందుకు వెళ్లాక ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదని పైకే అన్నాడు. ఆ మాట పాటలో అలాగే ఉండిపోయింది. ఆ వెంటనే మొదలైన పొడవాటి చరణం ఒకే టేకులో పూర్తయింది. తడబాటును కత్తిరించకుండా ఉంచడం చిన్న నిర్ణయమే. కానీ ఆల్బమ్‌కు ఉన్న పచ్చి స్వభావం ఇలాంటి చిన్న నిర్ణయాల వల్లే వచ్చింది.

ఛందస్సు తెలిసిన తెలుగు పాఠకుడికి నాస్ పనితనం మరో కోణంలో అందుతుంది. 1980ల తొలి రాప్‌లో ఎక్కువగా వినిపించేది అంత్యప్రాస. పాదం చివర ఒక ముడి, దానితో వాక్యం కూడా ఆగిపోతుంది. రకీమ్ వచ్చాక ప్రాస పాదం మధ్యలోకి జరిగింది. కూల్ జీ రాప్ ఒకే పాదంలో గొలుసులు కట్టాడు. నాస్ ఈ ఇద్దరి పనినీ తీసుకుని, పైన ఇంకొకటి చేశాడు. అతని వాక్యం పాదం చివర ఆగదు, పక్క పాదంలోకి దూకి మధ్యలో ఎక్కడో ముగుస్తుంది. ప్రాస మాత్రం తన చోట తాను పడుతూనే ఉంటుంది. తిక్కన పద్యాల్లో యతిప్రాసలు తప్పకుండానే మాట మాత్రం పాదాలు దాటి మామూలు సంభాషణలా సాగిపోతుందని చదువుకున్నవాళ్లకు, ఇంగ్లీషు వీధి భాషలో ఆ పని ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. లయ తెలుస్తూనే ఉంటుంది, కానీ ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది.

విషయంలోనూ అదే పొదుపు. ‘వన్ లవ్’ పాట జైల్లో ఉన్న స్నేహితులకు రాసే ఉత్తరాల రూపంలో నడుస్తుంది. ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు మాట మార్చారు, పేటలో ఎవరు ఎవర్ని కాల్చారు అన్న కబుర్లు వస్తాయి. చివరి చరణంలో ఉత్తరం ఆగి, బెంచీ మీద కూర్చున్న పన్నెండేళ్ల కుర్రాడితో మాట మొదలవుతుంది. తీర్పు చెప్పడు, నీతి చెప్పడు. అప్పటి గ్యాంగ్‌స్టా రాప్ మీద అమెరికా పత్రికల్లో పెద్ద రభస నడుస్తున్న రోజులవి. హింసను కీర్తిస్తున్నారా, ఖండిస్తున్నారా అన్న ప్రశ్నే అందరిదీ. ఈ పాట ఆ ప్రశ్న వైపే చూడదు. ఆల్బమ్ మొత్తంలో ఒక్క పాట ఎంచుకోమంటే విమర్శకులు ఎక్కువగా ‘ఎన్.వై. స్టేట్ ఆఫ్ మైండ్’ అంటారు గానీ, పదేపదే విన్నకొద్దీ బరువు పెరిగేది ‘వన్ లవ్’కే.

అట్ట మీద ఏడేళ్ల నాస్ మొహం, దాని వెనుకనుంచి క్వీన్స్‌బ్రిడ్జ్ వీధి కనబడుతుంటుంది. పిల్లాడి ఫొటో తండ్రి తీసింది, వీధి ఫొటో డానీ క్లించ్ తీసింది. రికార్డు రెండు వైపులకూ ఏ, బి అని కాకుండా ‘40వ వైపు ఉత్తరం’, ‘41వ వైపు దక్షిణం’ అని పేట వీధుల నంబర్లు పెట్టారు. పిల్లల మొహాలతో రాప్ ఆల్బమ్ అట్టలు ఆ తర్వాత ఒక వరసగా వచ్చాయి.

విడుదల దగ్గర మాత్రం కథ సాఫీగా నడవలేదు. పాటలు నెలల ముందే బయటికి పొక్కాయి. ఇంటర్నెట్ లేని రోజుల్లో లీకు అంటే క్యాసెట్. స్టూడియో నుంచో, కంపెనీ నుంచో ఒక కాపీ బయటపడితే చాలు, వీధి చివర దుప్పటి పరిచి అమ్మేవాళ్ల దాకా చేరేది. ఒక గ్యారేజీలో 60,000 దొంగ కాపీలు కనిపించాయని సెర్చ్ చెప్పాడు. అసలు ఆల్బమ్ మొదటి వారంలో అమ్ముడైనవి సుమారు 59,000. సెర్చ్ చెప్పిన లెక్కను ఎవరూ తూచి చూడలేదు కాబట్టి అందులో కొంత పెంపు ఉండవచ్చు. సగానికి కోసినా విషయం మారదు, కంపెనీ లెక్కలోకి రాని శ్రోతలు వేలల్లో ఉన్నారు.

దొంగ కాపీల వల్లే తొందరపడి విడుదల చేశారని, లేకపోతే ఇంకొన్ని పాటలు చేరేవని ఒక మాట ప్రచారంలో ఉంది. క్లుప్తత ఘనత మొత్తాన్ని దొంగలకు కట్టబెట్టడం సబబు కాదు. రెండేళ్ల పాటు ఎంచి ఎంచి కట్టిన పాటలివి, వాటిలో పూరకం కోసం పెట్టినవి కనిపించవు. కానీ ఇంకో ఆరు నెలలు దొరికి ఉంటే కంపెనీ మామూలుగా అడిగే రేడియో పాట ఒకటి, నాలుగు మాటల ప్రహసనాలు రెండు మూడు చేరేవేమో అన్న అనుమానం కొట్టిపారేయలేనిది. సీడీలో 74 నిమిషాలు పడతాయి కాబట్టి నింపేయాలన్న ఆత్రం ఆ దశాబ్దం రాప్ ఆల్బమ్‌లను చాలావరకు పాడుచేసింది.

‘ది సోర్స్’ పత్రిక అప్పట్లో రాప్‌కు తీర్పరి లాంటిది. నక్షత్రాలకు బదులు మైకులతో మార్కులు వేసేది, ఐదు మైకులు దక్కడం అరుదు. కొత్తవాడి తొలి ఆల్బమ్‌కు ఐదు మైకులు ఇచ్చారు. షార్టీ పేరుతో ఆ సమీక్ష రాసింది అప్పటికి పత్రికలో ఇంటర్న్‌గా ఉన్న మిన్యా ఓ. తర్వాత మిస్ ఇన్ఫోగా న్యూయార్క్ రేడియోలో ఆమె పేరు మార్మోగింది. ఇరవై ఏళ్ల రాపర్‌కు పట్టం కట్టింది కూడా ఒక కుర్రదే అన్నమాట.

మార్కులు పడ్డంత వేగంగా డబ్బు పడలేదు. బిల్‌బోర్డ్ 200లో ఆల్బమ్ 12వ స్థానంలో అడుగుపెట్టింది. ఐదు నెలల ముందు, 1993 నవంబర్‌లో, స్నూప్ డాగీ డాగ్ తొలి ఆల్బమ్ మొదటి వారంలోనే ఎనిమిది లక్షలు దాటి నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. దేశమంతా లాస్ ఏంజెలెస్ బాణీకి ఊగుతున్న కాలంలో ‘ఇల్‌మాటిక్’ న్యూయార్క్ ఆల్బమ్‌గానే మిగిలింది. ఐదు లక్షల కాపీలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు 1996 జనవరిలో వచ్చింది. పది లక్షల ప్లాటినమ్ కోసం 2001 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి నాస్ రెండో ఆల్బమ్‌కు దారి మార్చాడంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. 1996లో వచ్చిన ‘ఇట్ వాజ్ రిటెన్’లో ట్రాక్‌మాస్టర్స్ అనే జంట రేడియోకు పనికొచ్చే నునుపు తెచ్చింది, ఆల్బమ్ నేరుగా మొదటి స్థానానికి వెళ్లింది. పాత అభిమానులు అమ్ముడుపోయాడన్నారు. అభిమానుల కోపానికి అద్దె కట్టే శక్తి లేదు కదా.

‘ఇల్‌మాటిక్’ వదిలిన పద్ధతి మాత్రం పరిశ్రమ వెంటనే అందుకుంది. నోటోరియస్ బిగ్ ‘రెడీ టు డై’ అదే ఏడాది సెప్టెంబర్‌లో, జే-జీ ‘రీజనబుల్ డౌట్’ 1996లో వచ్చాయి. రెండూ పలువురు ప్రొడ్యూసర్లతో కట్టినవే, రెంటిలోనూ ప్రీమియర్ ఉన్నాడు. జే-జీ అయితే ‘డెడ్ ప్రెసిడెంట్స్’ పాటకు నాస్ గొంతు ముక్కనే పల్లవి చేసుకున్నాడు. కొన్నేళ్లకు ఇద్దరికీ బహిరంగ వైరం వచ్చాక, నాస్ సగటున పదేళ్లకు ఒక మంచి ఆల్బమ్ ఇస్తాడని జే-జీ పాటలోనే లెక్కగట్టి వెక్కిరించాడు. ఆ వెక్కిరింతలోనూ ఆ ఒక్క ఆల్బమ్ జోలికి పోలేదు.

ఇక్కడే తిరకాసు ఉంది. ‘ఇల్‌మాటిక్’లో ఐదుగురు ఉండటం వెనుక పరిచయాలు, పట్టింపులు, ఊరి పోటీ ఉన్నాయి. పరిశ్రమ అందుకున్నది వాటిని కాదు, అంకెను. క్లబ్బుకు ఒక బీట్ ఇతని దగ్గర, రేడియోకు ఒకటి అతని దగ్గర, వీధి అభిమానుల కోసం ఒకటి ప్రీమియర్ దగ్గర అని జాబితా రాసుకుని కొనడం మొదలైంది. 1990ల చివరికి పెద్ద కంపెనీల రాప్ ఆల్బమ్ చాలావరకు ఇలాంటి కొనుగోళ్ల పద్దులా తయారైంది. ప్రొడ్యూసర్, రాపర్ ఒకే గదిలో ఉండాల్సిన అవసరమే పోయింది. బీట్ విని మనసు మార్చుకుని తన పాత పనిని చెరిపేసే ప్రీమియర్ లాంటి మనిషికి ఆ ఏర్పాటులో చోటు లేదు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చినా పెద్దవే వచ్చాయి. 2013లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నాస్ పేరిట హిప్‌హాప్ పరిశోధక ఫెలోషిప్ పెట్టింది. 2014లో వాషింగ్టన్ కెనడీ సెంటర్‌లో నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి ఆల్బమ్ మొత్తం ప్రదర్శించారు. 2021 మార్చిలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది.

ఇండియాతో ముడి 2019లో పడింది. నాస్‌కు భాగస్వామ్యం ఉన్న మాస్ అప్పీల్ సంస్థ ఇండియా విభాగం తెరిచి, ముంబై రాపర్ డివైన్‌ను తొలి కళాకారుడిగా తీసుకుంది. అంతకు రెండేళ్ల ముందే డివైన్‌తో ‘సిటీ స్లమ్స్’ పాడిన రాజకుమారి, అంటే శ్వేతా యల్లాప్రగడ రావు, కాలిఫోర్నియాలో పెరిగిన తెలుగింటి అమ్మాయి. తెలుగు రాప్ మాత్రం ఇంకా ఎక్కువగా సినిమా పాట మధ్యలో వచ్చే ముక్కగానో, యూట్యూబ్‌లో విడి పాటగానో వినిపిస్తోంది. నలభై నిమిషాలు ఒకే గొంతును కూర్చుని వినే అలవాటు, దానికి డబ్బు పెట్టే కంపెనీ రెండూ ఉంటే తప్ప ఇలాంటి ఆల్బమ్ పుట్టదు. క్వీన్స్‌బ్రిడ్జ్‌కు నదికి అవతల మన్‌హట్టన్‌లో ఆ రెండోది ఉండటం నాస్ అదృష్టం.

గ్రామీ సంగతి మరీ విచిత్రం. ఉత్తమ రాప్ ఆల్బమ్ అన్న విభాగమే 1996లో మొదలైంది, అంటే ‘ఇల్‌మాటిక్’ వచ్చిన నాటికి దానికి ఇవ్వడానికి అలాంటి బహుమతే లేదు. నాస్‌కు తొలి గ్రామీ 2021లో ‘కింగ్స్ డిసీజ్’కు వచ్చింది. ఆ ఆల్బమ్‌తో మొదలుపెట్టి 2023 వరకు హిట్-బాయ్ అనే ఒకే ప్రొడ్యూసర్‌ను పక్కన పెట్టుకుని అతను వరసగా ఆరు ఆల్బమ్‌లు తెచ్చాడు.